లిమిటెడ్ ఎడిషన్ హ్యాండ్‌బ్యాగు రీసేల్‌లో కొనడం ఎలా: తేదీ చదవడం నుంచి దాచుకోవడం దాకా

రీసేల్ ప్రకటనల్లో ‘లిమిటెడ్ ఎడిషన్’ కన్నా చవకైన మాట లేదు. ఒక్క సీజన్ అమ్మి ఆపేసిన బ్యాగుకీ అదే బిరుదు, పన్నెండేళ్లు తయారైన బ్యాగుకీ అదే బిరుదు. జపాన్ కళాకారుడు తకాషి మురకామి లూయీ విటాన్ కోసం చేసిన మల్టీకలర్ మోనోగ్రామ్, అంటే రంగురంగుల ఎల్‌వీ అక్షరాల డిజైను, 2003లో మొదలై 2015లో గానీ ఆగలేదు. 2003లోనే, అదే చేతినుంచి వచ్చిన చెర్రీ బ్లాసమ్ డిజైను కొద్దికాలమే అమ్మారు. రెండూ అందమైనవే, కానీ రెంటికీ ఒకే లెక్కన డబ్బు పెట్టకూడదు. అందుకే కొనడానికి ముందు ఆ బ్యాగు ఏ ఏడాదిదో, ఎంతకాలం అమ్మారో తెలియాలి. ఆ తర్వాత చూసే పట్టీ, జిప్పు, లైనింగ్, లోపలి తేదీ సంకేతం, డబ్బా అన్నీ ఆ ఏడాదికే సాక్ష్యం చెప్పాలి. ఏ ఒక్కటి వేరే మాట చెప్పినా అక్కడ ఆగిపోవాలి. ఈ పనంతా నడిచేది ఈ ఒక్క సూత్రం మీదే.

మొదటి పని: ఒక్క వరస ఎంచుకోండి

కనిపించిన ప్రతి అరుదైన బ్యాగూ కొంటూ పోతే దేని గురించీ లోతుగా తెలియదు. నకిలీ అంటగట్టేవాళ్లకు కావలసింది సరిగ్గా అలాంటి కొనుగోలుదారే. ఒక వరస ఎంచుకుని కనీసం మూడు నెలలు చూస్తూ ఉండండి, కొనకండి.

స్థూలంగా మూడు దారులున్నాయి. మొదటిది లూయీ విటాన్ బయటి కళాకారులతో, బ్రాండ్లతో కలిసి చేసినవి: 2001లో స్టీఫెన్ స్ప్రౌస్ గ్రాఫిటీ, 2003 నుంచి మురకామి, 2012లోనూ మళ్లీ 2023లోనూ యయోయి కుసామా, 2017లో సుప్రీమ్ బ్రాండుతో చేసినవి. రెండోది ఫ్యాషన్ షో కోసం పుట్టిన వింత ఆకారాలు. షనెల్‌ వాళ్ల 2013 నాటి లెగో ఇటుక ఆకారపు క్లచ్ (చేత్తో పట్టుకునే చిన్న బ్యాగు), 2014 నాటి పాలడబ్బా ఆకారపు బ్యాగు ఈ కోవవే. మూడోది మామూలు ఆకారమే, కానీ అరుదైన తోలు, రంగు, హార్డ్‌వేర్ (తాళం లాంటి లోహపు భాగాలు). హెర్మెస్ వాళ్ల మొసలి తోలు హిమాలయా, 2010లో వచ్చిన, హార్డ్‌వేర్‌తో సహా అంతా నల్లగా ఉండే సో బ్లాక్ ఇక్కడికి వస్తాయి. మూడో దారి ఖరీదైనది, మొదటి కొనుగోలుకు పనికిరాదు. కొత్తవాళ్లకు మొదటి దారే మేలు. పోల్చి చూసుకోవడానికి అమ్ముడైన నమూనాలు ఎక్కువ దొరుకుతాయి, తేదీ కూడా తేలిగ్గా పట్టుకోవచ్చు.

ఎంచుకున్న ప్రతి మోడల్‌కూ ఒక పేజీ పెట్టండి. అందులో ఉండాల్సినవి: వచ్చిన సంవత్సరం, ఆపేసిన సంవత్సరం, సెంటీమీటర్లలో కొలతలు, హార్డ్‌వేర్ రంగు, లైనింగ్ బట్ట, దాని రంగు, సంకేతం బ్యాగులో ఎక్కడ ఉంటుంది, కొత్తగా కొన్నప్పుడు వెంట ఏమేం వచ్చేవి. కింద కనీసం పది పాత అమ్మకాల ఫొటోలు, ధరలు అతికించండి. ధర రాసేటప్పుడు అడిగిన ధర వద్దు, అమ్ముడైన ధర మాత్రమే రాయండి. రెండేళ్లుగా అదే అంకెతో ప్రకటనలో వేలాడుతున్న బ్యాగు ధర ఆ అమ్మకందారు కోరికే తప్ప మార్కెట్ ధర కాదు.

తేదీ చదవడం

లూయీ విటాన్‌తో మొదలుపెడదాం, అన్నిటికన్నా లెక్క తేలేది ఇక్కడే. 1990 నుంచి 2006 దాకా తేదీ సంకేతంలో రెండు అక్షరాలు, నాలుగు అంకెలు ఉంటాయి. అక్షరాలు తయారైన చోటుకి గుర్తు. అంకెల్లో ఒకటోదీ మూడోదీ కలిపితే నెల, రెండోదీ నాలుగోదీ కలిపితే సంవత్సరం. 1023 అని ఉందనుకోండి: ఒకటోది 1, మూడోది 2, పక్కపక్కన పెడితే 12; రెండోది 0, నాలుగోది 3, పక్కపక్కన పెడితే 03. అంటే 2003 డిసెంబరు. మల్టీకలర్ బ్యాగులో ఇది కనిపిస్తే సరిపోయినట్టే. అదే బ్యాగులో 0031 ఉంటే? 2001 మార్చి. అప్పటికి ఆ డిజైనే రాలేదు, ఇక మిగతా ఫొటోలు చూడక్కర్లేదు.

2007 నుంచి లెక్క మారింది. ఒకటోదీ మూడోదీ ఇప్పుడు నెల కాదు, వారం. 2018 అని అచ్చు ఉంటే అది 2018 సంవత్సరం అనుకోవద్దు, 2008లో 21వ వారం. మురకామి మోనోగ్రమోఫ్లాజ్ డిజైను వచ్చింది 2008లోనే కాబట్టి సరిపోతుంది. 5160 అని ఉంటే 2010లో 56వ వారం అవుతుంది. ఏడాదికి అన్ని వారాలు లేవు. నకిలీలు చేసేవాళ్లు ఈ లెక్క తెలియక అచ్చేసినవి ఇప్పటికీ తిరుగుతున్నాయి.

స్ప్రౌస్ గ్రాఫిటీ దగ్గర ఇది బాగా అక్కరకొస్తుంది. ఆ పేరుతో 2001లో ఒకసారి, నియాన్ రంగుల్లో 2009లో ఇంకోసారి వచ్చాయి. మొదటిది నెల పద్ధతి, రెండోది వారం పద్ధతి. నియాన్ గులాబీ గ్రాఫిటీకి ‘2001 నాటి అసలైనది’ అని రాసి, లోపల నెల పద్ధతి సంకేతం చూపిస్తుంటే బ్యాగూ సంకేతమూ ఒక చోటివి కావు.

2021 మార్చి నుంచి కంపెనీ ఈ సంకేతాలు మానేసి లోపల మైక్రోచిప్ పెడుతోంది. 2025లో మళ్లీ విడుదలైన మురకామి బ్యాగుల్లో అందుకే తేదీ సంకేతం ఉండదు. పాత సంకేతంతో ‘2025 రీ ఎడిషన్’ అమ్ముతుంటే నకిలీ, చిప్ ఉన్నది చూపించి ‘2003 నాటిది’ అంటే అబద్ధం.

హెర్మెస్‌ది అక్షరాల లెక్క. 1971 నుంచి 1996 దాకా వృత్తంలో అక్షరం, ఏ నుంచి జెడ్ వరకు వరసగా. 1997 నుంచి 2014 దాకా చతురస్రంలో, మళ్లీ ఏ నుంచి మొదలై ఆర్‌తో ఆగింది. 2015 నుంచి చుట్టూ గీత లేదు, అక్షరాల వరసా లేదు: 2015కి టీ, 2016కి ఎక్స్, 2017కి ఏ, 2018కి సీ, 2019కి డీ, 2020కి వై, 2021కి జెడ్, 2022కి యూ, 2023కి బీ. సో బ్లాక్ 2010 నాటిది కాబట్టి చతురస్రంలో ఎన్ కోసం వెతకాలి. గుర్రపు లాడం గుర్తు కనిపిస్తే ప్రత్యేకంగా ఆర్డరిచ్చి చేయించుకున్నదని. అప్పుడు రెండు రంగులు కలిసి ఉండటం సహజం. లాడం లేకుండా వింత రంగుల జోడీ ఉంటే, ఆ జోడీ ఎప్పుడైనా దుకాణంలో అమ్మారేమో చూసుకోండి. తర్వాత ఎవరో రంగు వేయించి ఉండొచ్చు.

షనెల్‌లో 2021 దాకా లోపల సీరియల్ స్టిక్కర్, ఆ తర్వాత చిప్ ఉన్న లోహపు పలక. స్టిక్కర్‌లో ఎనభైల నడుమ నుంచి ఏడు అంకెలు, 2005 ప్రాంతం నుంచి ఎనిమిది అంకెలు. ఏడంకెల లెగో క్లచ్ అంటే కథ అక్కడితో అయిపోయినట్టే. స్టిక్కర్ పాతబడి ఊడిపోవడం మామూలే, అది లేనంత మాత్రాన నకిలీ అనలేం. కానీ ధర తగ్గించి అడగడానికి అది న్యాయమైన కారణం.

ఇంకో మాట. హెర్మెస్, లూయీ విటాన్ బ్యాగులతో ఆథెంటిసిటీ కార్డు ఇవ్వవు. ‘కార్డుతో సహా’ అని హెర్మెస్ బ్యాగు ప్రకటన కనిపిస్తే ఆ కార్డే నకిలీకి ఆనవాలు.

అడగాల్సిన ఫొటోలు

ప్రకటనలో ఉన్నవి చాలవు. చాలాసార్లు అవి వేరే బ్యాగువి కూడా. ఈ మాదిరిగా రాయండి: ‘నమస్కారమండీ. బ్యాగు పక్కన నా పేరు, ఈరోజు తేదీ రాసిన చీటీ పెట్టి ఒక ఫొటో పంపగలరా? నాలుగు మూలలు ఒక్కొక్కటిగా, అడుగు భాగం, హ్యాండిల్ లోపలి వైపు, హ్యాండిల్ బ్యాగుకి కలిసే చోటు, జిప్పు వెనక అచ్చు, లోపలి జేబు అడుగు, సంకేతం దగ్గరగా, తాళం, తాళంచెవుల మీది అంకెలు కూడా కావాలి. ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుగులో తీస్తే మేలు.’

ఫ్లాష్ వద్దనడానికి కారణం ఉంది. ఫ్లాష్ వెలుగు పసుపుదనాన్నీ, తోలు మీది గీతల్నీ కడిగేస్తుంది. తెల్ల మల్టీకలర్ పసుపెక్కిందో లేదో పగటి వెలుగులో, పక్కన తెల్ల కాగితం పెట్టి తీస్తేనే తెలుస్తుంది. ఫొటోలు పంపడానికి అమ్మకందారు విసుక్కుంటే వదిలేయండి. అంత ధర అడిగేవాళ్లకు పది ఫొటోలు భారం కాకూడదు.

ఫొటోలు వచ్చాక చూడాల్సినవి. లూయీ విటాన్ అచ్చులో ఇంగ్లిష్ O అక్షరం నిండు గుండ్రంగా, L కింది గీత పొట్టిగా ఉంటుంది. హ్యాండిల్ పట్టీల మీద కుట్ల సంఖ్య ఎడమకీ కుడికీ సమానం కావాలి. లూయీ విటాన్‌లో స్పీడీ అనే మోడల్ మోనోగ్రామ్ కాన్వాస్ ఒకే ముక్కగా కింద నుంచి చుట్టి వస్తుంది కాబట్టి ఒక వైపు అక్షరాలు తలకిందులుగా ఉంటాయి. అది చూసి నకిలీ అని వదిలేసుకునే కొత్తవాళ్లున్నారు. షనెల్ తాళం మీద ఒకదానిలో ఒకటి పెనవేసిన రెండు సీ అక్షరాల్లో, పై భాగంలో కుడి సీ ఎడమ సీ మీదుగా, కింది భాగంలో ఎడమ సీ కుడి సీ మీదుగా వెళుతుంది. వెనక జేబు మీది క్విల్టింగ్ గళ్లు బ్యాగు గళ్లతో గీత తప్పకుండా కలవాలి. హెర్మెస్ కుట్టు మైనం పట్టించిన నార దారంతో, రెండు సూదులతో చేత్తో వేసేది. కాస్త ఏటవాలుగా ఉంటుంది. గీత గీసినట్టు తిన్నగా, అచ్చంగా ఒకేలా ఉన్న కుట్టు మిషన్ పని. తాళం మీది అంకె, తాళంచెవి మీది అంకె ఒకటే కావాలి. అయితే ఆ అంకె బ్యాగుకి మాత్రం సంబంధించినది కాదు.

ఏది ఎక్కడ పాడవుతుంది

నకిలీ కన్నా ఎక్కువ డబ్బు పోగొట్టేది ఇదే. బ్యాగు అసలైనదే, కానీ లోపల చచ్చిపోయి ఉంటుంది.

తొంభైల నాటి లూయీ విటాన్ బకెట్ ఆకారపు బ్యాగుల్లో, ఇంకా అనేక పాత డిజైనర్ బ్యాగుల్లో లోపలి జేబుకి సింథటిక్ పూత ఉంటుంది. పాలీయురెథేన్ పూతైతే గాల్లో తేమతో కలిసి విడిపోతుంది, పీవీసీ అయితే దాన్ని మెత్తగా ఉంచే రసాయనం పైకి ఊరుతుంది. ఎలాగైనా ఫలితం ఒకటే: జేబు బంకలా అంటుకుంటుంది, తర్వాత పొలుసులుగా రాలుతుంది. తుడిస్తే పోయేది కాదు, లైనింగ్ మార్చడమే దారి. కొందరు దీన్ని దాచడానికి టాల్కం పౌడరు చల్లుతారు. జేబు అడుగు కుట్ల మూలల్లో తెల్లటి పొడి కనిపిస్తే అదే పని. ‘లోపలి జేబులో వేలు పెట్టి తీస్తే అంటుకుంటోందా?’ అని సూటిగా రాతలో అడగండి. ఆ జవాబు తర్వాత బ్యాగు తిప్పి పంపడానికి పనికొస్తుంది.

మల్టీకలర్‌లో 33 రంగులున్నాయి, వెలుగు వాటన్నిటినీ ఒకేలా తినదు. బ్యాగు ముందు వైపునీ వెనక వైపునీ పోల్చండి, ఒక వైపు మాత్రమే పాలిపోయి ఉంటే ఎండ తగిలే అరలో ప్రదర్శనకు పెట్టి ఉంటారు. తెల్ల కాన్వాస్ వెనక వైపు అడుగున నీలి ఛాయ కనిపిస్తే అది జీన్స్ రంగు, పోదు. నియాన్ గ్రాఫిటీకి కూడా వెలుగే శత్రువు. పైగా అక్షరాలు బ్యాగు మడతపడే చోట ముందుగా పగులుతాయి.

వచెట్టా అంటే పూత లేని తోలు. కొత్తలో పాలమీగడ రంగు, తర్వాత ఎండకీ చేతి నూనెకీ తేనె రంగు తిరుగుతుంది. సమంగా తిరిగిన తేనె రంగు లోపం కాదు. హ్యాండిల్ మాత్రం నల్లబడి, మిగతాది లేతగా ఉంటే లోపం. ఇరవై ఏళ్ల బ్యాగు మీద అచ్చం మీగడ రంగు తోలుంటే రెండే మార్గాలు: అస్సలు వాడి ఉండరు, లేదా తోలు మార్పించి ఉంటారు. మార్పించింది కంపెనీయే అయితే రశీదు ఉంటుంది, అడగండి.

లూయీ విటాన్ వెర్నీ లాంటి పేటెంట్ తోలు, అంటే మెరిసే పూత వేసిన తోలు, ముదురు రంగు దేనికి ఆనించినా ఆ రంగు పీల్చుకుంటుంది. బబుల్ ర్యాప్ చుట్టి పెడితే ఆ బుడగల గుర్తులు శాశ్వతం. సో బ్లాక్ మీది నల్ల పూత హార్డ్‌వేర్ గీసుకుపోతే కింది లోహం బయటపడుతుంది, దానికి అతుకు పూత కుదరదు. అందుకే తిరుగుడు తాళం చుట్టూ దగ్గరి ఫొటో లేకుండా దాన్ని కొనడం మూర్ఖత్వం. షనెల్ గొర్రె తోలులో మూలలు, గొలుసు ఒత్తిన గుర్తులు చూడండి. లెగో క్లచ్ లాంటి ప్లాస్టిక్ వాటిలో గీతలు, కీలు పట్టు చూడండి.

మూలల గురించి: పైపింగ్, అంటే అంచు వెంట కుట్టిన సన్నని పట్టీ, నలిగి లోపలి దారం కనిపిస్తే అది ‘స్వల్ప వాడకం’ కాదు. అమ్మకందారు మాట మీద కాదు, మూల ఫొటో మీద గ్రేడు వేసుకోండి.

నిర్ధారణ

మీ కన్ను ఎంత పదునైనా డబ్బు కట్టి మూడో మనిషి చేత చూపించండి, ఆ మనిషి అమ్మకందారు చెప్పినవాడు కాకూడదు. ఫొటోల మీద తేల్చే సేవలున్నాయి, బ్యాగు చేతిలో పెట్టుకుని చూసేవీ ఉన్నాయి. ఎంట్రూపీ లాంటివి తోలు, అచ్చు మైక్రోస్కోప్ చిత్రాలు తీసి పోలుస్తాయి. బ్రాండు దుకాణానికి తీసుకెళితే తేలిపోతుందనుకోకండి, రీసేల్ బ్యాగు అసలుదో కాదో చెప్పడం సాధారణంగా వాళ్లు పెట్టుకోరు. చిప్ విషయమూ అంతే. మీ ఫోను చిప్ ఉందని గుర్తించవచ్చు, అందులోని సమాచారం మాత్రం కంపెనీకే అర్థమవుతుంది. చిప్ ఉండటం ఒక్కటే రుజువు కాదు.

అసలు డబ్బా, అసలు డస్ట్ బ్యాగ్, అసలు రశీదు, లోపల నకిలీ బ్యాగు: ఈ కలగలుపు ఎక్కువ. ఖాళీ డబ్బాలు విడిగా అమ్ముడవుతాయి, అందుకే. రశీదు మీది మోడల్ పేరు, తేదీ బ్యాగుతో కలవకపోతే అది ఉత్త కాగితం.

డబ్బు లెక్క

వేలంలో సుత్తి 100 దగ్గర పడిందనుకోండి. పెద్ద వేలం సంస్థల్లో కొనుగోలుదారు కమీషన్ పావువంతు దాటుతుంది, 26 శాతం వేసుకుంటే 126. రవాణా, బీమా 4 అనుకుంటే 130. సరిహద్దు దాటితే సుంకం, పన్ను కలిపి ఓ 20 శాతం పడిందంటే 156. రేపు దీన్ని 20 శాతం కమీషన్ తీసుకునే చోట అమ్మితే, పెట్టింది తిరిగి రావడానికే 195 పలకాలి. ‘పెట్టుబడి’ అని చెవిలో ఊదేవాళ్లు ఈ లెక్క చెప్పరు. 2025 జులైలో నటి, గాయని జేన్ బర్కిన్ వాడిన, ఆమె పేరు పెట్టిన హెర్మెస్ బ్యాగు, మొట్టమొదటి బర్కిన్, ప్యారిస్ సథెబీస్ వేలంలో 86 లక్షల యూరోలు పలికింది. అలాంటి వార్త చూపించి మామూలు బర్కిన్ ధర పెంచితే నవ్వి ఊరుకోండి.

చెల్లింపు ఎప్పుడూ వివాదం వేయగలిగే దారిలోనే, కార్డు ద్వారా గానీ వేదిక మధ్యవర్తిత్వంతో గానీ. ‘స్నేహితులకు పంపినట్టు పంపండి, కమీషన్ మిగులుతుంది’ అంటే మిగిలేది కమీషన్, పోయేది మొత్తం.

మొసలి, కొండచిలువ తోలు బ్యాగులు దేశం దాటాలంటే, అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కింద అనుమతి పత్రాలు కావాలి. అవి లేకపోతే బ్యాగు ఎంత అసలైనదైనా కస్టమ్స్‌లో జప్తు కావచ్చు. హిమాలయా పేరు చూసి మురిసేముందు అమ్మకందారు ఏ పత్రం ఇస్తాడో రాతలో తీసుకోండి.

పెట్టె వచ్చిన రోజు

కత్తి పెట్టకముందే వీడియో మొదలుపెట్టండి. చిరునామా చీటీ, సీలు, విప్పడం, సంకేతం, అన్నీ ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా. తిరిగి పంపడానికి ట్యాగు ఉంటే తెంపకండి. లోపలి జేబులో వేలు పెట్టి చూడండి, జిప్పు ఐదారుసార్లు లాగండి, లోపల ముక్కు పెట్టి వాసన చూడండి. గాఢమైన సెంటు వాసన వస్తే దాని కింద బూజు దాక్కుందేమోనని అనుమానించాలి. బ్యాగుని ఒక రాత్రి మూతపెట్టి ఉంచి పొద్దున్నే తెరిస్తే అసలు వాసన బయటపడుతుంది. కొలతలు టేపుతో తీసి మీ పేజీలోని వాటితో సరిచూడండి. తిరుగు గడువు కొన్నిచోట్ల రెండు మూడు రోజులే, ఇవన్నీ మొదటి సాయంత్రమే చేసేయండి.

బాగు చేయించాలా

సాధ్యమైనంత వరకు వద్దు. మూలలకు రంగు వేయిస్తే చూపుకు బాగుంటుంది, కానీ సేకరించేవాళ్ల దగ్గర ‘రంగు వేసినది’ అన్న మాట ధరను కిందికి లాగుతుంది. పైగా బయటివాళ్లు చేయి పెట్టిన బ్యాగును కంపెనీ సర్వీసుకి తీసుకోకపోవచ్చు. కుట్టు విడితే, తాళం వదులైతే కంపెనీకే పంపండి. పాత ముక్కలు మార్చే పనైతే ముందు ఆలోచించండి: 2003 నాటి కాన్వాస్ మీద సరికొత్త మీగడ రంగు పట్టీలు బ్యాగు వయసు రెండుగా చూపిస్తాయి.

దాచడం

బ్యాగుకి చీకటి, గాలి, ఆకారం కావాలి. గది 18 నుంచి 22 డిగ్రీలు, తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. చిన్న తేమ మీటరు ఒకటి అరలోనే పెట్టండి. తేమ 65 దాటి నిలిస్తే తోలు మీద బూజు మొదలవుతుంది, 35 కింద నిలిస్తే తోలు ఎండి బిరుసెక్కుతుంది. సిలికా జెల్ పొట్లాలు తోలుకు తగలకుండా మూలన పెట్టండి.

లోపల ఆమ్లం లేని టిష్యూ కాగితం కూరండి, మూలలు నిండేంత, కుట్టు లాగనంత. పాత వార్తాపత్రిక వద్దు, సిరా లైనింగ్‌కి ఎక్కుతుంది. గొలుసుకి టిష్యూ చుట్టి లోపల పెట్టండి, లేకపోతే మెత్తని తోలు మీద దాని ముద్ర పడుతుంది. హ్యాండిల్ పట్టుకుని వేలాడదీయకండి. ప్లాస్టిక్ సంచిలో మూయకండి, నూలు డస్ట్ బ్యాగే చాలు. పేటెంట్ తోలు బ్యాగుల మధ్య తెల్ల నూలు గుడ్డ అడ్డం పెట్టండి. సింథటిక్ లైనింగ్ ఉన్న పాత బ్యాగు జేబుల గోడలు ఒకదానికొకటి తగలకుండా టిష్యూ పెట్టండి. కలరా ఉండలు బీరువాలో అస్సలు వద్దు: ఆ వాసన తోలులోంచి ఏళ్లు గడిచినా పోదు.

మూడు నెలలకోసారి బయటికి తీసి, అడుగు భాగం, హ్యాండిళ్లు, లోపలి జేబు చూసి, టిష్యూ మార్చి, అదే కోణంలో అవే ఫొటోలు తీయండి. రెండు తారీఖుల ఫొటోలు పక్కపక్కన పెట్టినప్పుడు రోజూ చూసే కంటికి అందని పసుపుదనం, పగుళ్లు బయటపడతాయి. బీమా వాళ్లకూ, రేపు కొనేవాళ్లకూ చూపించాల్సింది ఆ ఫొటోలే.